పన్ను తీయించి ఐదు వారాలైంది, గుంట పూడలేదు, నాలుకకు ఏదో గుచ్చుకుంటోంది

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 61. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఐదు వారాల కిందట కుడివైపు కింది దవడ పన్ను తీయించుకున్నాను. పుచ్చిపోయి సగం విరిగిన పన్ను కావడంతో తీయడానికి ముప్పావు గంట పట్టింది. కుట్లు వేయలేదు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు రాత్రి నుంచి చెవిలోకి, కణతలోకి ఒకటే పోటు. డోలో వేసుకున్నా తగ్గలేదు, నోరు వాసన. మా ఊరి ఆర్‌ఎంపీ గారు రెండు రోజులు ఇంజెక్షన్లు చేసి, యాంటీబయాటిక్ ఐదు రోజులకిచ్చారు. పది రోజులకు నొప్పి తగ్గింది. కానీ గుంట ఇంకా అలాగే ఉంది. అన్నం మెతుకులు, పోపు గింజలు అందులో ఇరుక్కుంటే పిన్నీసుతో తీసుకుంటున్నాను. వారం నుంచి లోపలివైపు ఏదో తెల్లగా, గట్టిగా నాలుకకు గుచ్చుకుంటోంది. పెద్దగా నొప్పి లేదు. మళ్లీ యాంటీబయాటిక్ వాడమన్నారు. పుండు మానకపోతే క్యాన్సర్ అవుతుందని మా ఆడపడుచు భయపెడుతోంది. పన్ను పీకిస్తే కళ్లు దెబ్బతింటాయని ఇంకొకరన్నారు. పప్పు, వంకాయ, చేపలు మానేశాను. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఎముకలు గుల్లబారాయని మూడేళ్లుగా ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కించే ఇంజెక్షన్ తీసుకుంటున్నాను, మళ్లీ వచ్చే నెలలో ఉంది. పళ్ల డాక్టరు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ పక్క పన్ను కూడా పుచ్చింది, వచ్చే వారం తీసేద్దామన్నారు. తీయించుకోవచ్చా?

సమాధానం: అమ్మా, ముందుగా మీ చివరి ప్రశ్నకు చెబుతాను. వచ్చే వారం ఆ రెండో పన్ను తీయించుకోకండి. వాయిదా వేయించండి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట గుంట గురించి కాదు, క్యాన్సర్ భయం గురించీ కాదు. పళ్ల డాక్టరుకు చెప్పలేదన్న ఆ ఏడాదికోసారి ఇంజెక్షన్ గురించి. ఈ ఉత్తరం చదవగానే ఆ ఇంజెక్షన్ కాగితాలు బయటికి తీసి పెట్టుకోండి. ఎందుకో వివరంగా చెబుతాను. ఈలోగా భయపడి నిద్ర మానుకోవాల్సిన పని మాత్రం లేదు, మీరు రాసిన లక్షణాల్లో ఈ రాత్రికి రాత్రే పరుగెత్తాల్సినది ఏదీ లేదు.

మొదట మూడో రోజు రాత్రి మొదలైన పోటు సంగతి. పన్ను తీసిన వెంటనే ఆ గుంట రక్తంతో నిండి, రక్తం గడ్డకడుతుంది. మోకాలు చెక్కుకుపోతే పైన కట్టే పొక్కు ఏ పని చేస్తుందో ఈ గడ్డ అదే చేస్తుంది: కింద ఉన్న ఎముకను, నరాల కొసలను కప్పి ఉంచి, కొత్త కండ పుట్టడానికి చోటిస్తుంది. కొందరిలో ఆ గడ్డ రెండో రోజుకో మూడో రోజుకో కరిగిపోతుంది లేదా ఊడిపోతుంది. అప్పుడు ఉత్త ఎముక గాలికి, లాలాజలానికి, తిండికి తగులుతుంది. దీన్ని పళ్ల డాక్టర్లు డ్రై సాకెట్ అంటారు. తగ్గుతోందనుకున్న నొప్పి మూడో రోజున ఒక్కసారిగా పెరగడం, చెవికీ కణతకూ లాగడం, మామూలు మాత్రలకు లొంగకపోవడం, నోరు వాసన రావడం దాని గుర్తులు. మీరు రాసినవన్నీ అవే. మామూలుగా పన్ను తీయించుకున్న వందమందిలో ఇద్దరు ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఇది వస్తుంది. కింది దవడలో, అందులోనూ జ్ఞానదంతాలు తీసినప్పుడు అంతకంటే చాలా ఎక్కువ. విరిగిన పన్నును ముక్కలుగా, కష్టపడి తీయాల్సి వచ్చినప్పుడు, పొగతాగే వాళ్లలో, గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లలో కూడా ఎక్కువే. మీ విషయంలో ముప్పావు గంట పట్టిన పని ఒక్కటే చాలు. ఇందులో మీ తప్పుగానీ డాక్టరు తప్పుగానీ వెతకాల్సిన పని లేదు.

డ్రై సాకెట్ అంటే చీము పట్టడం కాదు. అందుకే యాంటీబయాటిక్ దానికి మందు కాదు. ఆ మూడో రోజు మీరు పన్ను తీసిన డాక్టరు దగ్గరికే తిరిగి వెళ్లి ఉంటే, ఆయన గుంటను సెలైన్ నీళ్లతో కడిగి, లవంగ నూనెలోని యూజినాల్ కలిసిన మందు గుంటలో పెట్టేవారు. చాలామందికి ఆ పూటకే నొప్పి సగానికి పైగా తగ్గుతుంది. రెండు మూడు రోజులకోసారి ఆ మందు మారిస్తే వారం పది రోజుల్లో గుంట అడుగు నుంచి కండ పుట్టుకొస్తుంది. మందు పెట్టకపోయినా వారం నుంచి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, కాకపోతే అన్ని రోజులూ ఆ పోటు భరించాలి. మీకు పదో రోజుకు తగ్గిందంటే అది మీ ఒళ్లు చేసుకున్న పనే తప్ప ఆ ఇంజెక్షన్ల పని కాకపోవచ్చు.

ఆ ఇంజెక్షన్ల గురించి ఒక మాట. మన ఊళ్లలో నొప్పి, వాపు అనగానే నొప్పి మందుతో పాటు డెక్సా కూడా కలిపి ఇవ్వడం చాలా చోట్ల అలవాటు. డెక్సా స్టెరాయిడ్. షుగర్ ఉన్నవాళ్లకు అది ఇస్తే రెండు మూడు రోజులు షుగర్ బాగా పెరుగుతుంది, పెరిగిన షుగర్‌తో గాయం మానడం మందగిస్తుంది. మీకు ఏది ఇచ్చారో నాకు తెలియదు కాబట్టి వాళ్లను తప్పుపట్టను. అర్ధరాత్రి తలుపు తడితే పలికేది వాళ్లే అన్నది కూడా నిజమే. ఇకపై ఏ ఇంజెక్షన్ చేయించుకున్నా దాని పేరు చీటీ మీద రాయించుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు ఈ అలవాటు చాలా అవసరం.

ఇక గుంట సంగతి. మీ ఉత్తరం లాంటివి నాకు చాలా వస్తుంటాయి, అందరి కంగారూ గుంట పూడలేదనే. దవడ పన్నుకు రెండు మూడు వేర్లుంటాయి, అది వదిలివెళ్లే గుంట చిన్నదేమీ కాదు. మొదటి వారంలో అడుగున ఎర్రటి లేత కండ పుడుతుంది. దాని మీద తెల్లగా, లేత పసుపుగా పల్చటి పొర కనిపిస్తుంది. దాన్ని చీము అనుకుని గీకేసుకునే వాళ్లు ఎంతమందో! అది చీము కాదు, మానుతున్న గాయం మీద ఏర్పడే పొర. దాన్ని గీకితే గాయం మళ్లీ మొదటికొస్తుంది. చిగురు అంచులు నాలుగు నుంచి ఆరు వారాల్లో దగ్గరికొచ్చి కలుస్తాయి, షుగర్ ఉంటే ఇంకో రెండు వారాలు ఎక్కువ పట్టినా ఆశ్చర్యం లేదు. చిగురు మూసుకున్నాక కూడా పైన పల్లంగానే ఉంటుంది, ఎందుకంటే లోపల ఎముక నిండడానికి మూడు నాలుగు నెలలు కావాలి. అది పూర్తిగా గట్టిపడి, దవడ ఆకారం సర్దుకోవడానికి ఆరు నెలలు దాటుతుంది. కాబట్టి ఐదో వారంలో పల్లం ఉండడం, అందులో మెతుకు ఇరుక్కోవడం జబ్బు కాదు. గుంట ఎంత లోతుగా ఉందన్నది కాదు చూడాల్సింది. నొప్పి, వాపు, వాసన రోజురోజుకీ తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అన్నది చూడాలి. తగ్గుతూ ఉంటే ఆ గాయం తన దారిన అది మానుతున్నట్టే.

మీ విషయంలో నన్ను ఆపింది నాలుకకు గుచ్చుకుంటున్న ఆ తెల్లటిది. దానికి మూడు కారణాలు ఉండొచ్చు. ఎక్కువగా జరిగేది మొదటిది: పన్నును కదిపి తీసేటప్పుడు గుంట అంచున ఎముక చిన్న పెచ్చుగా విరుగుతుంది. రక్తప్రసారం లేని ఆ పెచ్చును శరీరం మెల్లగా బయటికి తోసేస్తుంది. మూడు నాలుగు వారాలు గడిచాక చిగురులోంచి ముల్లులా పైకొస్తుంది. కింది దవడ పళ్లకు నాలుక వైపు ఎముక పల్చగా ఉంటుంది, అందుకే ఎక్కువగా అటువైపే వస్తుంది. కొత్త పన్ను మొలుస్తోందనుకునే వాళ్లూ ఉన్నారు. కదులుతున్న పెచ్చయితే చిగురు మీద మత్తు జెల్ రాసి డాక్టరు పట్టకారుతో ఒక్క నిమిషంలో తీసేస్తారు. తీయగానే చిగురు వారంలో నున్నగా మూసుకుంటుంది. రెండోది, విరిగిన పన్ను కాబట్టి వేరు ముక్క ఏదైనా మిగిలి ఉండడం. అది ఒక చిన్న ఎక్స్‌రేతో తేలిపోతుంది.

మూడోది మీ ఏడాది ఇంజెక్షన్‌తో ముడిపడింది. ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కించేదంటే అది జోలెడ్రానిక్ యాసిడ్ అయ్యుండాలి, ఎముకలు గుల్లబారినప్పుడు 5 మిల్లీగ్రాములు ఇస్తారు. మన ఎముకలో రెండు రకాల కణాలు ఎప్పుడూ పనిచేస్తుంటాయి. ఒక రకం పాత ఎముకను అరగదీస్తుంది, ఇంకో రకం కొత్తది కడుతుంది. ఈ మందు అరగదీసే కణాలను ఆపుతుంది. అందుకే తుంటి, వెన్నుపూస విరగకుండా కాపాడుతుంది, ఆ మేలు చాలా పెద్దది. కానీ పన్ను తీసిన గుంట మానాలంటే ముందు అక్కడ దెబ్బతిన్న పాత ఎముక అరిగి పక్కకు పోవాలి. అరగదీసే కణాలే మత్తుగా ఉంటే ఆ ఎముక అక్కడే ఉండిపోయి, చిగురు దాని మీదికి పాకలేక ఆగిపోతుంది. దవడ ఎముకలో ఈ మార్పు మిగతా ఎముకల కంటే వేగంగా జరుగుతుంది, పైన చిగురు పల్చన, నోటి నిండా సూక్ష్మజీవులు. అందుకే ఒంట్లో ఇన్ని ఎముకలుండగా ఈ ఇబ్బంది దవడకే ఎక్కువగా వస్తుంది. 2003లో అమెరికాలో దవడ సర్జన్లు దీన్ని మొదటిసారి గుర్తించి రాశారు. అప్పటి నుంచి పన్ను తీసే ముందు ఈ మందుల గురించి అడగడం నియమమైంది.

కంగారు పడకండి. ఎముకల బలానికి ఏడాదికోసారి తీసుకునే వాళ్లలో ఇది చాలా అరుదు. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు ఇదే రకం మందును మూడు నాలుగు వారాలకోసారి ఎక్కిస్తారు, ఆ రోగులు పన్ను తీయించుకుంటే వందలో కొందరికి వస్తుంది. పైగా ఎముక ఎనిమిది వారాలు దాటి బయటపడి ఉంటేనే దీన్ని ఆ జబ్బుగా లెక్కిస్తారు. మీకు ఇప్పుడు ఐదు వారాలే. మీది మామూలు పెచ్చు కావడానికే అవకాశం ఎక్కువ. అయితే ఈ రెండింటికీ చేసే వైద్యం ఒకటి కాదు. కదిలే పెచ్చును తీసేయడం మంచిదే. కదలకుండా దవడకు అతుక్కుని ఉన్న ఎముకను తెలియక బలంగా గీకి తీస్తే, ఈ మందు తీసుకున్న వాళ్లలో గాయం ఇంకా పెద్దదవుతుంది. అందుకే, మిమ్మల్ని చూసే డాక్టరు చేతిలో పనిముట్టు పట్టుకోకముందే మీరు ఈ ఇంజెక్షన్ మాట చెప్పాలి. వాళ్లు అడగాలి, నిజమే. అడగకపోతే మీరే చెప్పండి. పంటికీ ఎముకల ఇంజెక్షన్‌కీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? షుగర్, బీపీ, గుండె మాత్రలు అంటే అందరికీ గుర్తుంటాయి. ఏడాదికోసారి తీసుకునేది మందుల లెక్కలోకే రాదు.

వచ్చే నెల ఇంజెక్షన్ తీసుకోవాలా వద్దా అన్నది మీ ఎముకల డాక్టరు గారిని అడగండి. పన్ను తీసిన గుంట ఇంకా మానలేదని చెబితే ఆయన బహుశా చిగురు మూసుకునేదాకా ఆగుదామంటారు. ఈ మందు ఎముకలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి కొన్ని వారాలు ఆలస్యమైనా నష్టం లేదు. కానీ ఒక జాగ్రత్త, ఇది మీలాగే ఎముకల మందు వాడుతున్న మిగతా పాఠకుల కోసం కూడా. ఆరు నెలలకోసారి పొట్ట మీదో జబ్బ మీదో చర్మం కింద చేసే ఇంజెక్షన్ అయితే అది డెనోసుమాబ్. దాన్ని మాత్రం సొంతంగా వాయిదా వేయకూడదు. దాని పని ఆరు నెలలకే తగ్గిపోతుంది, ఆలస్యమైతే వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది. అందుకే మందు పేరు తెలియడం ముఖ్యం, కాగితాలు తీసి పెట్టమన్నది అందుకే.

మీ ఆడపడుచు గారి భయానికి కూడా జవాబివ్వాలి. పన్ను తీసిన గుంట ఆలస్యంగా మానినంత మాత్రాన అది క్యాన్సర్‌గా మారదు. అయితే కొన్నిసార్లు అక్కడ ముందే ఉన్న క్యాన్సర్ వల్ల పన్ను కదిలిపోతే, అది తెలియక పన్ను తీసేస్తారు, ఆ తర్వాత గుంట మానదు. కాబట్టి ఆమె భయాన్ని నవ్వి కొట్టిపారేయను. గుంట మానకపోగా అందులోంచి కండ పైకి పెరుగుతూ ఉంటే, ముట్టుకుంటే రక్తం వస్తుంటే, అంచులు గట్టిగా రాయిలా తగులుతుంటే, పక్క పళ్లు కదులుతుంటే, మెడలో గడ్డ తగిలితే, కింది పెదవి, గడ్డం ఉన్నట్టుండి మొద్దుబారితే వెంటనే చూపించుకోవాలి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే తేలిపోతుంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట నమ్మకండి. గుట్కా, ఖైనీ, జర్దా, చుట్ట అలవాటున్న వాళ్లు రెండు మూడు వారాలకు మించి మానని ఏ పుండునూ ఇంట్లో కూర్చుని చూస్తూ ఉండకూడదు. ఉత్తరాంధ్రలో అడ్డ చుట్ట, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్లు పై అంగిలి కూడా చూపించుకోవాలి. మీరు రాసిన దాంట్లో ఈ గుర్తులేవీ లేవు. అయినా డాక్టరు చూసేటప్పుడు ఇది కూడా చూడమని అడగండి, అడగడానికి మొహమాటం వద్దు.

కళ్ల భయం మాత్రం పూర్తిగా వదిలేయండి. మన తెలుగు ఇళ్లలో ఈ మాట వినని వాళ్లుండరు. దీనివల్ల ఎంతోమంది పుచ్చిన పన్నుతో ఏళ్లు గడుపుతారు. ముఖంలో స్పర్శను, నొప్పిని మోసే నరం ఒకటే, దానికి మూడు కొమ్మలు: ఒకటి నుదురు, కంటి చుట్టూ, రెండోది పై దవడకు, మూడోది కింది దవడకు. అందుకే పంటి పోటు చెవిలోకి, కణతలోకి, కంటి వెనక్కి లాగినట్టుంటుంది. చూపును మోసే నరం వేరే, అది పళ్ల దరిదాపుల్లోకి రాదు. పన్ను తీయడంతో చూపు తగ్గదు. పన్నెండేళ్లుగా షుగర్ ఉందన్నారు కాబట్టి ఏడాదికోసారి కంటి వెనక పొర పరీక్ష చేయించుకుంటున్నారో లేదో చూసుకోండి. చూపు మసకబారితే కారణం అక్కడ వెతకాలి, పంటి దగ్గర కాదు.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలంటే, మొదట ఆ పిన్నీసు పారేయండి. దాని కొస లేత కండను చీలుస్తుంది, సూక్ష్మజీవులను లోపలికి దింపుతుంది. అగ్గిపుల్ల, వేపపుల్ల, గోరు కూడా వద్దు. తిన్న ప్రతిసారీ గోరువెచ్చని గ్లాసుడు నీళ్లలో అర టీస్పూను ఉప్పు వేసి, ఆ నీళ్లు నోట్లో పోసుకుని తలను అటూ ఇటూ వంచండి చాలు, గట్టిగా పుక్కిలించక్కర్లేదు. పోపు గింజలు దానికి కూడా రాకపోతే, మందుల షాపులో కొస వంగిన ప్లాస్టిక్ సిరంజి అడగండి, దొరక్కపోతే సూది లేని మామూలు సిరంజి అయినా సరే. దాంతో ఉప్పునీళ్లు గుంట అంచు నుంచి నెమ్మదిగా చిమ్మితే ఇరుక్కున్నది బయటికొచ్చేస్తుంది. పన్ను తీయించిన మొదటి రోజు మాత్రం ఎవరూ పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు, గడ్డ ఊడిపోతుంది. మీరు ఆ దశ దాటిపోయారు. మిగతా పళ్లు మామూలుగా తోముకోండి, గుంట పక్క పళ్లను కూడా మెత్తటి బ్రష్‌తో తోమాలి. నొప్పి పుడుతుందని అటువైపు బ్రష్ పెట్టకపోతే అక్కడే పాచి పేరుకుని వాసన మొదలవుతుంది. ఎముక కనిపిస్తోందని డాక్టరు చెబితే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడమంటారు. బ్రష్ చేసిన అరగంట తర్వాత, ఉదయం, రాత్రి. పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి, క్లీనింగ్‌తో పోతాయి, అది చూసి మానేయకండి.

పుండు మీద పసుపు నొక్కడం, పటిక పెట్టడం, పొగాకు నలిపి పెట్టడం, లవంగ నూనె దూదితో నేరుగా గుంటలో కుక్కడం, నొప్పి మాత్ర నలిపి చిగురు మీద పెట్టడం... ఇవేవీ వద్దు. లవంగ నూనె మందే కదా అంటారు. డాక్టరు పెట్టే మందులో అది కొలత ప్రకారం వేరేవాటితో కలిసి ఉంటుంది. చిక్కటి నూనె నేరుగా తగిలితే లేత కండ కాలిపోయి తెల్లగా పొర లేస్తుంది.

పథ్యం విషయంలో నాకు నిజంగా బాధ కలుగుతుంది. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర, చేపలు తింటే పుండు మానదని మాన్పిస్తారు. ఇందులో నిజం లేదు. కొత్త కండ పుట్టాలంటే మాంసకృత్తులే కావాలి, అవి పప్పులో, గుడ్డులో, చేపలో, పెరుగులో ఉంటాయి. షుగర్ ఉన్న 61 ఏళ్ల మనిషి ఐదు వారాలుగా చారు అన్నంతో సరిపెడితే గాయం దేంతో మానుతుంది? పైగా ఉత్త అన్నం షుగర్‌ను ఇంకా పెంచుతుంది. ఈరోజు నుంచే మెత్తటి పప్పు, ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన చేప, పెరుగు తినండి. వంకాయ కూర కూడా తినండి. కారం మంట పుట్టిస్తే కొంచెం తగ్గించుకోండి. మరమరాలు, నువ్వుల ఉండలు, జొన్న రొట్టె లాంటి పొడి పొడిగా విరిగేవి కొన్నాళ్లు ఎడమవైపు నమలండి.

షుగర్ ఉందని రాశారు గానీ ఎంత ఉందో చెప్పలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి, దానికి పరగడుపున ఉండక్కర్లేదు. 7 దగ్గర ఉంటే మంచిది. 8 దాటితే ఈ గాయం ఆలస్యానికి అదే ఒక పెద్ద కారణమని అనుకోవచ్చు, మాత్రలు సరిచేయించుకోవాలి. మళ్లీ యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మాత్రం ఇప్పుడు వద్దు. జ్వరం, చీము, పెరుగుతున్న వాపు లేనప్పుడు అది గుంటను పూడ్చదు, కడుపు పాడుచేస్తుంది, రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచేయకుండా పోతుంది.

డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి. పన్ను తీసిన డాక్టరు దగ్గరికే వెళ్లడం మంచిది, ఎందుకంటే వేరు ఎలా విరిగిందో, ఎముక ఎంత తీశారో ఆయనకే తెలుసు. చాలామంది మొహమాటంతోనో కోపంతోనో ఇంకో చోటికి పోతారు, అక్కడ కథ మొదటి నుంచీ మొదలవుతుంది. ఇంజెక్షన్ కాగితం, షుగర్ రిపోర్టు చూపించి, ఎక్స్‌రే తీయమనండి. ఆ తెల్లటిది కదులుతోందా, ఎముకకు అతుక్కుని ఉందా అడగండి. అతుక్కుని ఉంటే దవడ సర్జన్‌కు చూపించమని రాయించుకోండి. మీకు భీమవరంలోనే డెంటల్ కాలేజీ ఉంది. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో దవడ సర్జరీకి వేరే విభాగం, ప్రొఫెసర్లు ఉంటారు, ఖర్చు కూడా ప్రైవేటు క్లినిక్‌లతో పోలిస్తే చాలా తక్కువ. తెలంగాణ పాఠకులకు హైదరాబాదులో, రాయలసీమ వాళ్లకు కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి.

వారం ఆగకూడని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. గడ్డం కింద, మెడ వైపు వాపు దిగుతుంటే, నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోకపోతే, మింగడం కష్టమై చొంగ కారుతుంటే, చలితో జ్వరం వస్తుంటే, ఊపిరి ఆడనట్టుంటే అది దవడలోంచి చీము మెడలోకి దిగుతున్న గుర్తు. అప్పుడు పళ్ల క్లినిక్ తెరిచేదాకా ఆగకండి, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్‌తో సరిపెట్టకండి. 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి, అర్ధరాత్రి అయినా సరే. షుగర్ ఉన్నవాళ్లలో ఇది గంటల్లో ముదురుతుంది.

పై పళ్లు తీయించుకున్న వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. పై దవడ పళ్ల వేర్ల మీదే ముక్కు పక్క గాలి గది ఉంటుంది. పన్ను తీశాక నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయంటే ఆ గదికి రంధ్రం పడిందని అర్థం. ముక్కు గట్టిగా చీదకుండా, తుమ్ము ఆపుకోకుండా వెంటనే చూపించుకోవాలి. చిన్న రంధ్రమైతే దానంతట అదే మూసుకుంటుంది, పెద్దదైతే కుట్టాలి. 2021లో కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఎందరికో మొదట పై పళ్లు కదలడం, చిగుళ్ల నుంచి చీము రావడం కనిపించింది. షుగర్ అదుపులో లేని వాళ్లకు ఆ ఫంగస్ కరోనా లేకపోయినా వస్తుంది. పై దవడ గుంట మానకుండా ఎముక నల్లబడితే, ముఖం ఒకవైపు తిమ్మిరెక్కితే, ముక్కులోంచి నల్లటి స్రావం వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఇక మీరడిగిన పక్క పన్ను. మీలా ఎముకల ఇంజెక్షన్ తీసుకున్న వాళ్లకు పన్ను తీయడం కంటే నిలబెట్టుకోవడమే క్షేమం. పుచ్చు లోతుగా ఉన్నా, వేరు గట్టిగా ఉంటే రూట్ కెనాల్ చేసి పైన క్యాప్ వేయవచ్చు. రూట్ కెనాల్‌లో ఎముక జోలికి వెళ్లరు కాబట్టి ఈ ఇబ్బంది వచ్చే అవకాశం చాలా తక్కువ. పన్ను మరీ నిలబడనిదైతే తీయక తప్పదు, అప్పుడైనా మొదటి గుంట పూర్తిగా మూసుకుని, షుగర్ అదుపులోకి వచ్చాక, ఇంజెక్షన్ సంగతి తెలిసిన సర్జన్ చేతనే తీయించుకోండి, గుంట మీద చిగురు లాగి కుట్లు వేయమని అడగండి. ఈలోగా ఆ పన్ను నొప్పి పెడితే డోలో 650 రోజుకు నాలుగుకు మించకుండా వేసుకోవచ్చు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు మంచివి కావు, అడగకుండా వేసుకోవద్దు. కట్టుడు పన్ను గురించి మూడు నెలల తర్వాత ఆలోచించండి. ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద కట్టే పన్ను, వేద్దామని ఎవరైనా అంటే, మళ్లీ ముందు ఆ ఇంజెక్షన్ కాగితమే చూపించండి.